పెద్ద ఫైలు గిట్‌లోకి ఎక్కడం లేదా? ముందు ఎవరు ఆపారో చూడండి

రాత్రి పదిన్నరకు నల్గొండ పక్కనున్న పానగల్లు నుంచి ఫోన్.

"అన్నా, పుష్ అయితలేదు. నాలుగోసారి కొట్టిన. మా ఇంటికాడ నెట్ మంచిగ లేదనుకుంట."

"ఎంత శాతం దాకా పోయి ఆగుతుంది?"

"నూరు దాకా పోతదన్నా. పోయినంక రిజెక్టెడ్ అంటది."

"నూరు దాకా పోయిందంటే నీ నెట్ మంచిగనే ఉంది తమ్ముడూ. ఆ రిజెక్టెడ్ పైన ఇంకేం రాసి ఉందో సదువు."

తమ్ముడిది ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. నలుగురు కలిసి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని వందల ఫొటోలు తీసి, వాటి నుంచి త్రీడీ మోడల్ తయారు చేస్తున్నారు. అక్కడి మూడు గర్భగుడుల్లో ఒకదానిలో శివలింగం వెనక రోజంతా నీడ నిలబడి ఉంటుంది కదా, ఆ నీడ ఎలా పడుతుందో మోడల్‌లో వెలుతురు తిప్పి చూపించాలని వాళ్ల పట్టుదల. పనంతా గిట్‌లో పెట్టుకున్నారు, అంటే ఫైళ్లలో ప్రతి మార్పునూ హిస్టరీగా దాచే టూల్‌లో. దాన్ని గిట్‌హబ్ లాంటి సర్వర్‌కు ఎక్కించడాన్నే పుష్ అంటారు. మోడల్ ఫైలు ఒక్కటే 412 ఎంబీ. తెల్లారితే ప్రాజెక్ట్ గైడ్‌కు లింక్ పంపాలి. ఆ టెన్షన్ గొంతులోనే వినిపిస్తోంది.

ఆ రాత్రి అతనికి ఫోన్‌లో చెప్పినవి, చెప్పడానికి టైం లేక వదిలేసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. పెద్ద ఫైలు ఎక్కకపోతే చాలామంది ముందు నెట్‌ను తిడతారు. తర్వాత వెతికితే దొరికిన మొదటి కమాండ్ కొడతారు. అదీ పనిచేయకపోతే ఫోల్డర్ మొత్తం చెరిపేసి మొదటికొస్తారు, దాంతో నెలల హిస్టరీ పోతుంది. ఫైలును ఆపింది ఎవరో తెలిస్తే ఇవేవీ అక్కర్లేదు, చాలాసార్లు పది నిమిషాల్లో పని అయిపోతుంది.

కమాండ్లను కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. అడ్డగీతలు, చుక్కలు, కోట్స్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదట మెసేజ్ మొత్తం చదవండి

టెర్మినల్‌లో ఆఖరి లైను 'ఫెయిల్డ్ టు పుష్ సమ్ రెఫ్స్' అని ఉంటుంది. దాన్ని పట్టుకుని వెతికితే వంద జవాబులు దొరుకుతాయి, ఒక్కటీ మీ సమస్యది కాదు. అసలు సంగతి దానికి నాలుగైదు లైన్ల పైన, 'రిమోట్' అనే మాటతో మొదలయ్యే లైన్లలో ఉంటుంది.

'రైటింగ్ ఆబ్జెక్ట్స్' నూరు శాతం అయ్యాక రిజెక్ట్ అయితే, ఫైలు సర్వర్ దాకా చేరింది, సర్వరే వద్దంది. గిట్‌హబ్ అయితే ఫైలు పేరు, దాని సైజు చెప్పి, మా హద్దు 100 ఎంబీ, ఇది దాటింది అని రాస్తుంది. పక్కనే 'జీహెచ్001' అనే కోడ్ ఉంటుంది. తమ్ముడికి వచ్చింది ఇదే. గిట్‌హబ్‌లో 50 ఎంబీ దాటితే హెచ్చరిక వస్తుంది, పుష్ మాత్రం అవుతుంది. 100 దాటితే అవదు. బ్రౌజర్‌లో వెబ్‌సైట్ తెరిచి అక్కడ ఫైలు లాగి పడేసేవాళ్లకు హద్దు ఇంకా తక్కువ, 25 ఎంబీ. కాబట్టి టెర్మినల్‌లో ఎక్కనిది బ్రౌజర్‌లో ఎక్కుతుందేమోనని ప్రయత్నించకండి.

పదిహేను శాతం దగ్గరో, అరవై దగ్గరో ఆగి, కాసేపటికి 'రిమోట్ ఎండ్ హంగ్ అప్', 'ఆర్‌పీసీ ఫెయిల్డ్' లాంటివి వస్తే దారిలో లైను తెగింది. అప్పుడు నెట్‌ను అనుమానించండి.

మెసేజ్‌లో 413 అనే నంబర్ ఉంటే, మీ ఆఫీసు సర్వర్ ముందు నిలబడిన వెబ్ సర్వరో ప్రాక్సీనో ఇంత పెద్దది తీసుకోనంది. అసలు పుష్ మొదలుకాకుండానే 'అవుటాఫ్ మెమరీ' అంటే అడ్డం పడింది మీ ల్యాప్‌టాపే.

ఏది వచ్చినా మందు వేసేముందు ఒక్క పని చేయండి. ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని, అందులో దాక్కుని ఉండే .గిట్ ఫోల్డర్‌తో సహా, పక్కన ఇంకోచోటికి కాపీ చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టేటట్టయితే అది ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి, 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. కింద చెప్పేవాటిలో కొన్ని హిస్టరీని తిరగరాస్తాయి. కాపీ ఉంటే చేయి వణకదు.

ఫైలు తీసేసినా అదే ఎర్రర్ ఎందుకు వస్తుంది

అందరూ చిక్కుకునేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

తమ్ముడు సోమవారం మోడల్ ఫైలును కమిట్ చేశాడు, అంటే గిట్ హిస్టరీలో ఒక పద్దుగా ఎక్కించాడు. మంగళవారం కోడ్ కమిట్ చేశాడు. బుధవారం పుష్ రిజెక్ట్ అయింది. అప్పుడు మోడల్ ఫైలును డిలీట్ చేసి, 'పెద్ద ఫైలు తీసేశాను' అని ఇంకో కమిట్ పెట్టి మళ్లీ పుష్ కొట్టాడు. మళ్లీ అదే 412 ఎంబీ, అదే ఎర్రర్. "ఫైలే లేదు గదన్నా, ఇంకా ఏడికెళ్లి పంపుతుంది?" అని అడిగాడు.

గిట్ అంటే ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం అనుకోండి. సోమవారం రాసిన పద్దును బుధవారం కొట్టేస్తూ కొత్త లైను రాస్తే, పాత పేజీ చిరిగిపోదు. పుస్తకం చేతికిస్తే ఆ పేజీ కూడా వెళ్తుంది. పుష్ అంటే పుస్తకాన్ని ఇవ్వడమే. సోమవారం కమిట్‌లో ఆ 412 ఎంబీ అలాగే ఉంది. బుధవారం డిలీట్‌తో ఈ రోజు ఫోల్డర్‌లో ఫైలు కనబడటం ఆగిందంతే. కాబట్టి ఆ సోమవారం పేజీనే మళ్లీ రాయాలి.

భయపడాల్సింది లేదు. రిజెక్ట్ అయిన పుష్ సర్వర్‌లో ఏదీ మార్చలేదు, ఆ కమిట్లు ఇంకా మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వాటిని ఎన్నిసార్లు తిరగరాసినా టీమ్‌లో ఎవరికీ ఇబ్బంది లేదు, సర్వర్‌లో ఉన్న హిస్టరీని తోసేసి మీది పెట్టే ఫోర్స్ పుష్ కూడా అక్కర్లేదు.

పెద్ద ఫైలు ఆఖరి కమిట్‌లోనే ఉంటే 'గిట్ ఆర్ఎం --క్యాష్డ్' అని, ఫైలు పేరు ఇవ్వండి. ఫైలు మీ డిస్క్‌లో ఉంటుంది, గిట్ లెక్కలోంచి పోతుంది. తర్వాత 'గిట్ కమిట్ --అమెండ్ --నో-ఎడిట్'. ఆ ఫైలు పేరును .గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) రాసి, పుష్.

వెనకాల మూడు నాలుగు కమిట్లలో ఉండి, ఆ కమిట్లు విడివిడిగా ఉండాల్సిన అవసరం లేకపోతే 'గిట్ రీసెట్ --సాఫ్ట్ ఆరిజిన్/మెయిన్' కొట్టండి. మీ పని ఒక్క అక్షరం పోదు, కమిట్లు మాత్రం విడిపోయి మార్పులన్నీ స్టేజ్‌లో, అంటే తర్వాతి కమిట్ కోసం వరసలో, కూర్చుంటాయి. అందులోంచి పెద్ద ఫైలును 'గిట్ రిస్టోర్ --స్టేజ్డ్'తో పక్కకు తీసి, మిగతాది ఒకే కమిట్‌గా పెట్టండి. ఇక్కడ 'సాఫ్ట్' బదులు 'హార్డ్' కొడితే పని మొత్తం పోతుంది. ఎంటర్ నొక్కేముందు ఆ ఒక్క మాట మళ్లీ చూసుకోండి. కాపీ తీసుకోమన్నది ఇందుకే.

పెద్ద ఫైలు ఏదో తెలియకపోతే 'గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీహెచ్'తో (ఆఖరున పెద్ద హెచ్) మొత్తం బరువు తెలుస్తుంది. అది కొన్ని వందల ఎంబీలు ఉండి, ఫోల్డర్‌లో చూస్తే పది ఎంబీల కోడే కనబడుతుంటే, హిస్టరీలో ఏదో దాగి ఉన్నట్టు. ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు తోడు టూల్, కింద చెబుతాను) పెట్టుకున్నవాళ్లు 'గిట్ ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్ ఇన్ఫో --ఎవ్రీథింగ్ --అబవ్=50ఎంబీ' కొడితే ఏ రకం ఫైళ్లు ఎంత మోస్తున్నాయో లెక్క వస్తుంది.

పెద్ద ఫైలు నిజంగా కావాలంటే ఎల్ఎఫ్ఎస్

తమ్ముడికి మోడల్ ఫైలు తీసేస్తే ప్రాజెక్టే లేదు. ఇలాంటివాటి కోసమే గిట్ లార్జ్ ఫైల్ స్టోరేజ్ (ఎల్ఎఫ్ఎస్) ఉంది, గిట్‌హబ్ వాళ్లు 2015లో తెచ్చారు. ఇది పెట్టుకుంటే అసలు ఫైలు వేరే గోదాములోకి వెళ్తుంది, గిట్‌లో దాని చీటీ మాత్రమే ఉంటుంది. ఆ చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మూడే లైన్లు: మొదటిది వెర్షన్, రెండోది షా256 తో మొదలయ్యే 64 అక్షరాల వేలిముద్ర, మూడోది సైజు. తమ్ముడి ఫైలు చీటీలో మూడో లైను 'సైజ్ 432013312'. అంత గుడి మోడల్‌కు గిట్ మోసే బరువు నూటముప్పై బైట్ల చిల్లర.

పెట్టుకోవడం ఇలా. ముందు 'గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్', ఇది ఒక కంప్యూటర్‌లో ఒక్కసారి చాలు. తర్వాత 'గిట్ ఎల్ఎఫ్ఎస్ ట్రాక్ "*.ఓబీజే"' (ఓబీజే అంటే తమ్ముడి త్రీడీ మోడల్ ఫైలు రకం). ఆ కోట్స్ మరిచిపోవద్దు. అవి లేకపోతే చాలా టెర్మినళ్లు ఆ నక్షత్రం గుర్తును (*) ఇప్పుడు ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల పేర్లుగా మార్చేస్తాయి, రేపు వచ్చే ఫైలు ఎల్ఎఫ్ఎస్‌లోకి వెళ్లదు. ట్రాక్ చేయగానే .గిట్ఆట్రిబ్యూట్స్ అనే ఫైలు పుడుతుంది. దాన్ని ముందు కమిట్ చేసి, ఆ తర్వాతే పెద్ద ఫైలును యాడ్ చేయండి. కెమెరా ఫొటోలకు ఇంకో జాగ్రత్త: చాలా కెమెరాలు ఫైలు పేరు చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో రాస్తాయి. లినక్స్‌లో చిన్నక్షరాల నమూనాకు అవి దొరకవు, కాబట్టి రెండు రకాలూ ట్రాక్ చేయండి.

ఇప్పటికే కమిట్ చేసేసిన ఫైలుకు ట్రాక్ ఒక్కటే కొడితే ఏమీ జరగదు. పాత కమిట్లలో అది మామూలు ఫైలుగానే ఉంటుంది, పుష్ మళ్లీ ఆగుతుంది. బుధవారం పెట్టిన డిలీట్ కమిట్‌ను వెనక్కి తీశాక, ఆ రాత్రి తమ్ముడు కొట్టాల్సిన కమాండ్ ఇది: 'గిట్ ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్ ఇంపోర్ట్ --ఇంక్లూడ్="*.ఓబీజే"'. ఇది పాత కమిట్లలోకి వెళ్లి, ఫైలు ఉన్నచోట చీటీ పెట్టి వస్తుంది. మామూలుగా కొడితే ఇంకా పుష్ కాని కమిట్లనే ముడుతుంది, అందుకే నాకు దీనిమీద నమ్మకం. '--ఎవ్రీథింగ్' చేరిస్తే మాత్రం అందరి దగ్గరా ఉన్న హిస్టరీ కూడా మారిపోతుంది, టీమ్‌తో మాట్లాడకుండా దాన్ని కొట్టవద్దు. కొట్టేముందు కమిట్ కాని మార్పులేవీ లేకుండా చూసుకోండి.

అయ్యాక 'గిట్ ఎల్ఎఫ్ఎస్ ఎల్ఎస్-ఫైల్స్' కొట్టండి. మీ ఫైలు పేరు ఆ పట్టికలో కనిపిస్తేనే పుష్ చేయండి. కనిపించకపోతే ఇంకో అరగంట వృథా.

ఎల్ఎఫ్ఎస్‌కూ హద్దులున్నాయి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ఒక్కో ఫైలు 2 జీబీ దాటకూడదు, నిల్వకు, డౌన్‌లోడ్‌లకు నెలవారీ కోటా ఉంటుంది. పైగా ఎల్ఎఫ్ఎస్ ప్రతి వెర్షన్‌నూ పూర్తిగా దాస్తుంది. మోడల్‌లో ఒక్క రాయి సర్ది మళ్లీ కమిట్ చేస్తే ఇంకో 412 ఎంబీ కోటాలోంచి పోతుంది. కాబట్టి రోజూ సర్దే ఫైలును రోజూ కమిట్ చేయకండి. ఒక దశ పూర్తయ్యాక పెట్టండి.

మధ్యలో తెగిపోతుంటే

పుష్‌కు మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి అందుకునే తెలివి లేదు. తొంభై శాతం దగ్గర కరెంటు పోయి రౌటర్ ఆగిపోతే మళ్లీ సున్నా నుంచే. లెక్క వేసుకుని మొదలుపెట్టండి: అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ అయితే 2 జీబీకి దాదాపు 53 నిమిషాలు పడుతుంది. ప్లాన్‌లో పెద్దక్షరాల్లో రాసేది సాధారణంగా డౌన్‌లోడ్ వేగం. అప్‌లోడ్ ఎంతో స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు నా సలహా, పుష్ నడిచేటప్పుడు ఫోన్‌ను కదపకండి, ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. పెద్ద పుష్ ఉన్న రోజు కేబుల్ ఉన్నచోటికి వెళ్లడం నయం.

దీనికి మంచి మందు ముక్కలు చేసి పంపడం. పాత కమిట్ల నుంచి కొన్ని కొన్నిగా తోయండి: 'గిట్ పుష్ ఆరిజిన్', తర్వాత కమిట్ నంబర్, కోలన్, 'రెఫ్స్/హెడ్స్/మెయిన్', మధ్యలో ఖాళీ లేకుండా. అది చేరాక ఇంకాస్త ముందున్న కమిట్ నంబర్‌తో మళ్లీ. చేరిన ముక్క చేరినట్టే, మళ్లీ వెళ్లదు. గిట్‌హబ్ ఒక్క పుష్‌లో 2 జీబీ మించి తీసుకోదు కాబట్టి కొత్తగా పెద్ద రిపో (హిస్టరీతో సహా ప్రాజెక్ట్ మొత్తం) ఎక్కించేవాళ్లకూ ఇదే దారి. అన్ని ఫొటోలూ ఒకే కమిట్‌లో కుక్కితే ముక్కలు చేయడం కుదరదు. గుడికి ఒక్కో వైపు ఫొటోలు ఒక్కో కమిట్‌గా పెట్టమని ఆ టీమ్‌కు చెప్పాను. ఎల్ఎఫ్ఎస్‌లో ఈ బాధ తక్కువ. ఒకసారి పూర్తిగా చేరిన ఫైలును అది మళ్లీ పంపదు. నెట్ బలహీనంగా ఉంటే 'గిట్ కాన్ఫిగ్ ఎల్ఎఫ్ఎస్.కాంకరెంట్‌ట్రాన్స్‌ఫర్స్ 1' పెట్టండి, ఒక్కొక్కటే వెళ్తుంది.

ఎస్ఎస్‌హెచ్ మీద పుష్ చేసేవాళ్లకు లైను ఊరికే తెగుతుంటే, ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో 'సర్వర్ఎలైవ్ఇంటర్వల్ 60' అని రాస్తే ప్రతి నిమిషం ఒక పలకరింపు వెళ్లి లైను నిలుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ మీద 'కర్ల్ 92' వస్తుంటే 'గిట్ కాన్ఫిగ్ హెచ్‌టీటీపీ.వెర్షన్ హెచ్‌టీటీపీ/1.1' పెట్టి చూడండి. ఇందులో ఆఖరి హెచ్‌టీటీపీ మాత్రం పెద్దక్షరాల్లోనే.

ఇక 'హెచ్‌టీటీపీ.పోస్ట్‌బఫర్ 524288000' గురించి. పుష్ ఆగిందని ఎక్కడ అడిగినా మొదట ఇదే చెబుతారు, నేనూ ఏళ్లపాటు అందరికీ ఇదే చెప్పాను. తర్వాత గిట్ సొంత డాక్యుమెంటేషన్ చదివితే, ముక్కలుగా పంపే పద్ధతి తెలియని పాత ప్రాక్సీల కోసమే ఇది, చాలా పుష్ సమస్యలకు ఇది పరిష్కారం కాదు, పైగా చిన్న పుష్‌కు కూడా అంత మెమరీ పట్టేస్తుంది అని స్పష్టంగా ఉంది. 100 ఎంబీ హద్దును ఇది అంగుళం కూడా జరపదు. ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటే '--అన్‌సెట్'తో తీసేయండి.

4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ 'కంప్రెసింగ్ ఆబ్జెక్ట్స్' దగ్గరే ఊపిరాడక ఆగిపోతుంటే 'ప్యాక్.థ్రెడ్స్ 1', 'ప్యాక్.విండోమెమరీ 100ఎం' పెట్టండి. నెమ్మదిగానే అయినా అవుతుంది.

మీ సొంత సర్వర్ అయితే

413 వస్తే సర్వర్ చూసే మనిషిని పట్టుకోండి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో 'క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్' అనే సెట్టింగ్ ఎవరూ ముట్టకపోతే 1 ఎంబీ మాత్రమే. దాన్ని కావలసినంత పెంచి, 'ఎన్‌జిన్‌ఎక్స్ -టీ'తో తప్పుల్లేవని చూసుకుని రీలోడ్ చేయాలి. గిట్‌కు ముందటి టూల్ సబ్‌వర్షన్ వాడే పాత ఆఫీసుల్లో అపాచీ వెబ్ సర్వర్ ఉంటుంది. అపాచీ 2.4.53 దాకా 'లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ'కి హద్దే లేదు, ఆ తర్వాత 1 జీబీ అయింది. నిన్నటిదాకా ఎక్కిన ఫైలు సర్వర్ అప్‌డేట్ అయిన మర్నాడు ఎక్కకపోతే ముందు దీన్నే చూడండి. మీ సర్వర్‌కు ముందు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ ఉంటే దాని ఉచిత ప్లాన్‌లో ఒక్క రిక్వెస్ట్‌కు 100 ఎంబీ హద్దు. వెనక ఎంత పెంచినా అది దాటనివ్వదు, గిట్ కోసం ప్రాక్సీ లేని వేరే సబ్‌డొమైన్ పెట్టుకోవాలి.

గిట్‌లో అసలు ఉండకూడనివి

మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడు పొలాల మీద డ్రోన్ తిప్పి 1.3 జీబీ మ్యాపులు తయారు చేస్తాడు. అవి ఒకసారి తయారయ్యాక మారవు. మారని ఫైలుకు వెర్షన్ కంట్రోల్ ఎందుకు? గిట్‌హబ్ రిలీజెస్‌లో పెడితే ఒక్కోటి 2 జీబీలోపు ఉంటే చాలు, రిపో బరువెక్కదు. నోడ్_మాడ్యూల్స్, బిల్డ్ ఫోల్డర్లు, జిప్‌లు, వీడియోలు మొదటి రోజే .గిట్ఇగ్నోర్‌లో రాసేయండి.

డేటాబేస్ డంప్ (డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా దించినది) వేరే సంగతి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పని చూసేటప్పుడు, దాని రిపోలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ధాన్యం లెక్కలు ఉన్న డంప్ దొరికింది. 80 ఎంబీ, హద్దులోపే ఉంది కాబట్టి ఎవరూ ఆపలేదు. ఎక్కకపోయినా బాగుండేది అనిపించింది. ఇలాంటిది పొరపాటున ఎక్కితే డిలీట్ కమిట్ పనికిరాదు. సర్వర్ నుంచి తాజాగా క్లోన్ చేసిన (మొత్తం దించుకున్న) కాపీలో 'గిట్ ఫిల్టర్-రెపో --ఇన్వర్ట్-పాత్స్ --పాత్' అని ఫైలు పేరిచ్చి, హిస్టరీ మొత్తంలోంచి తీయాలి. అది అయ్యాక ఆరిజిన్ అనే సర్వర్ చిరునామాను ఆ టూలే తీసేస్తుంది, చేత్తో మళ్లీ చేర్చి ఫోర్స్ పుష్ చేయాలి. డంప్‌లో పాస్‌వర్డులుంటే ఎవరో చూసేశారనే అనుకుని, ఆ రోజే మార్చేయాలి.

ఫోర్స్ పుష్‌కు ముందు టీమ్‌లో ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఒక్కరు పాత కాపీ నుంచి మెర్జ్ చేసి పుష్ చేసినా మీరు తీసిన ఫైలు తిరిగొచ్చి కూర్చుంటుంది. అందరూ పాత ఫోల్డర్‌ను పక్కనపెట్టి కొత్తగా క్లోన్ చేసుకోవాలి.

ఎక్కిందని ఎప్పుడు అనుకోవాలి

వెబ్‌సైట్‌లో పేరు కనబడగానే కాదు. ఇంకో కంప్యూటర్‌లో క్లోన్ చేసి, ఆ ఫైలు తెరుచుకున్నప్పుడు.

తమ్ముడిది రాత్రి పన్నెండుంబావుకు పుష్ అయింది. "గైడ్‌కు లింక్ ఇప్పుడే పంపకు, పొద్దున మీ దోస్తు ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడు" అన్నాను. ఏడింటికి మళ్లీ ఫోన్: "అన్నా, ఫైలు వచ్చింది గని మోడల్ తెరుచుకుంటలేదు. మూడు లైన్లే ఉన్నయి అండ్ల."

ఆ ల్యాప్‌టాప్‌లో ఎల్ఎఫ్ఎస్ సెట్ చేసి లేదు, అందుకే గోదాముకు వెళ్లకుండా చీటీ ఒక్కటే దిగింది. 'గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్', ఆ వెంటనే 'గిట్ ఎల్ఎఫ్ఎస్ పుల్' కొట్టించాను. ఫోన్ పెట్టేయకుండా ఇద్దరం ఆగాం. పది నిమిషాలకు గుడి తెరుచుకుంది. గైడ్ కంప్యూటర్‌లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి, ఆ రెండు కమాండ్లను రీడ్‌మీలో మొదటి లైనుగా రాసి అప్పుడు లింక్ పంపమన్నాను.